రికార్డు ఎందుకు తేలేదో అడిగారా?

ప్రశ్న:

మాస్టారికి వందనాలు. నాకు ఇరవై ఏడేళ్ళు. పల్నాడు జిల్లాలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నాలుగేళ్ళుగా బయాలజీ చెబుతున్నాను. ఈమధ్య ఒక క్రైస్తవ హాస్టల్ స్కూల్లో పోస్టు పడింది. అప్లికేషన్‌తో పాటు 'క్రైస్తవ ఉపాధ్యాయురాలిగా నా విద్యా తత్వం' అని ఒక పేజీ రాసి పంపాలట. ఇంటర్నెట్‌లో నమూనాలు చూసి ఒకటి తయారుచేశాను. 'ప్రతి బిడ్డా దేవుని స్వరూపం' అని మొదలవుతుంది. చదువుకుంటే అది నాది కాదనిపిస్తోంది. పోయిన నెలే రికార్డు తేలేదని ఒక పిల్లవాణ్ణి స్కేలుతో చేతిమీద కొట్టాను. మా నాన్న బైబిల్లోని సామెతల గ్రంథంలో బెత్తం వాక్యం చూపించి, ఇందులో తప్పేముంది అన్నారు. పాస్టరుగారేమో బడి కూడా సువార్త పొలమే, అక్కడా క్రీస్తు గురించి చెప్పాలి అంటారు. నా క్లాసులో 52 మందిలో ఎక్కువమంది హిందువుల పిల్లలు, ఆరుగురు ముస్లింలు. పరిణామం పాఠం వస్తే నా గొంతు దానంతట అదే తగ్గిపోతుంది. మరో సంగతి, అసలు చెయ్యెత్తని పిల్లలు ఏడుగురున్నారు. వాళ్ళ పేర్లు డైరీ వెనక రాసుకుని రోజుకొకరిని ప్రశ్న అడుగుతుంటాను. దాంతో సిలబస్ వెనకబడి ప్రిన్సిపాల్ చేత మాటలు పడుతున్నాను. అప్లికేషన్‌కి ఇరవయ్యో తేదీ ఆఖరు. ఏం రాయమంటారు? (పేరు వేయవద్దు.)

సమాధానం:

అమ్మా, మీ లేఖ రెండుసార్లు చదివాను. మీ బాధ ఉంది, నాన్నగారి వాక్యం ఉంది, పాస్టరుగారి మాట ఉంది, చివరికి ఆ స్కేలు కూడా ఉంది. ఆ పిల్లవాడు రికార్డు ఎందుకు తేలేదో మాత్రం లేదు. అడిగారా? అడిగి ఉంటే మీరు రాసేవారే. అడగలేదనే అనుకుంటున్నాను.

మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, తొమ్మిదో తరగతిలో తెలుగు నోట్సు చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు పెన్ను కింద పెట్టి చెయ్యి చంకలో దాచుకుని కూర్చున్నాడు. రాయరా అంటే రాయడు. అప్పట్లో నా బల్లమీద చింత బరికె ఉండేది. పిలిచి అరచేతిమీద రెండు వేశాను. వాడు ఏడవలేదు. చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు. అది పొగరనుకుని మూడోది కూడా వేశాను. మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. గొడవకు వచ్చిందేమో అనుకున్నాను. గుమ్మం దగ్గరే నిలబడి, "అయ్యా, మిరప కోతలు అయ్యేదాకా వాణ్ణి చేతిమీద కొట్టబాకండి. కావాలంటే వీపుమీద కొట్టండి" అంది. అంతే, చేలోకి పోవాలంటూ వెళ్ళిపోయింది.

మీది పల్నాడే కాబట్టి మిరపకాయలు కోసిన చేతులు ఎలా మండుతాయో మీకు చెప్పక్కర్లేదు. నాకూ తెలుసు, మాదీ మిరప పండే ఊరే. తెలిసి కూడా ఒక్క మాట అడగలేదు. ఆ రోజుల్లో నేను ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి కూడా. దేవుని స్వరూపం గురించి బ్రహ్మాండంగా చెప్పేవాణ్ణి.

అందుకే మీ మొదటి వాక్యం మీది కాదని మీకు అనిపించడం నాకు సంతోషంగా ఉంది. అది అబద్ధమని కాదు. ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉన్న మాట. కానీ రిటైరయ్యాక రెండు మూడు ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను, ఆ కాగితాలు చాలా చదివాను. అందరూ ఆ వాక్యంతోనే మొదలుపెడతారు, సామెతల్లోని 'బాలుడు నడువవలసిన త్రోవ' వాక్యంతో ముగిస్తారు. మధ్యలో 'సమగ్ర వికాసం', 'విలువలతో కూడిన విద్య'. పైన పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. ఏ వాక్యాన్ని నమ్ముతారో అందులో తెలుస్తుంది. రికార్డు తేని పిల్లవాడు ఎదురుగా నిలబడితే ఏం చేస్తారో తెలియదు. మిమ్మల్ని తీసుకోబోయేవాళ్ళకు కావలసింది ఆ రెండోది.

బైబిల్లో దేవుడు మనిషిని అడిగిన మొదటి ప్రశ్న గుర్తుందా? ఆదాము చెట్ల మధ్య దాక్కుంటే, "నీవు ఎక్కడ ఉన్నావు?" ఎక్కడున్నాడో ఆయనకు తెలియకనా? మన భాషలో చెప్పాలంటే అది మొదటి హాజరు. తప్పుచేసి దాక్కున్నవాణ్ణి కూడా ముందు అడిగాడు, శిక్ష తర్వాత సంగతి. యేసు ప్రభువు కూడా అంతే. 'నా పొరుగువాడెవడు?' అని ధర్మశాస్త్రం చదివిన ఒకాయన అడిగితే నిర్వచనం చెప్పలేదు. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి కథ చెప్పి, ఆ దారిన వచ్చిన ముగ్గురిలో ఎవరు పొరుగువాడయ్యాడో నువ్వే చెప్పు అన్నాడు. జవాబు ఆయన నోటితోనే చెప్పించాడు. బీ.ఎడ్‌లో మనకు పుస్తకాలు పుస్తకాలుగా చెప్పే ప్రశ్నోత్తర పద్ధతి ఇంతకన్నా ఏముంది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం యోహాను సువార్త చివరి అధ్యాయం. యేసును పట్టుకుపోయిన రాత్రి శిష్యుడు పేతురు మూడుసార్లు ఫెయిలయ్యాడు, ఆయనెవరో నాకు తెలియదు అని. తర్వాత సముద్రం ఒడ్డున గురువుగారు మళ్ళీ కనిపించినప్పుడు సరిగ్గా మూడు ప్రశ్నలే అడిగాడు. మూడూ ఒకే ప్రశ్న: నన్ను ప్రేమిస్తున్నావా? నేను దాన్ని పేతురు రాసిన సప్లిమెంటరీ అంటుంటాను. మా పాస్టరుగారికి ఆ మాట నచ్చదు. పాస్ చేసి ఊరుకోలేదు, ఆ వెంటనే పెద్ద బాధ్యత అప్పజెప్పాడు. చాలామంది గమనించని సంగతి ఇంకోటుంది. పరీక్షకు ముందు ఆయన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధంచేసి, రండి తినండి అన్నాడు. రాత్రంతా వలలు వేసి అలసిపోయినవాళ్ళు కదా. ముందు కడుపు, తర్వాత ప్రశ్న. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మలకు ఈ అధ్యాయం చదివి వినిపించాలని నాకెప్పటినుంచో కోరిక.

ఇక నాన్నగారి వాక్యం. 'బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి.' సామెతలు 13:24. ఆ మాట లేదని నేను దాటవేయను, ఉంది. శిక్ష అనే అర్థమూ అందులో ఉంది. అయితే నాన్నగారిని రెండు సంగతులు అడగండి. ఆ వాక్యం తండ్రికీ కొడుక్కీ మధ్యది. ఆ తండ్రికి కొడుకు పొద్దున ఏం తిన్నాడో, రాత్రి ఎక్కడ పడుకున్నాడో తెలుసు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో 52 మందిని చూసే మనకు అది తెలుసా? రెండోది, హీబ్రూలో అక్కడ వాడిన 'షేవెత్' అనే మాటే 23వ కీర్తనలోనూ ఉంది. తెలుగులో అక్కడ దుడ్డుకర్ర అయింది. ఆ కర్ర తనను ఆదరిస్తుందంటాడు దావీదు. తోడేలును కొట్టే కర్ర కాబట్టి గొర్రెకు ధైర్యం. మీ స్కేలు చూస్తే ఆ పిల్లవాడికి ధైర్యం కలుగుతుందా, భయం వేస్తుందా? నాన్నగారితో వాదనకు దిగకండి, ఊరికే అడగండి. నా తరం వాళ్ళం దెబ్బలు తినే చదువుకున్నాం కాబట్టి దెబ్బలవల్లే చదువు వచ్చిందనుకుంటాం.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషేధం. మీరు వెళ్ళబోయే బడిలో ఎవరైనా 'మనది మైనారిటీ సంస్థ, ఆ చట్టం మనకు లేదు' అనవచ్చు. 2014లో సుప్రీంకోర్టు అలా తీర్పు చెప్పిన మాట నిజమే. ఆ వ్యాజ్యం బెత్తం కోసం వేసింది కాదు, పేద పిల్లలకు 25 శాతం సీట్లలాంటి విషయాల మీద. ఆ తీర్పు చాటున స్కేలు తీసేవాళ్ళతో కలవకండి.

పాస్టరుగారి మాటకు వస్తాను. ఇది సున్నితమైనది కాబట్టి దాచకుండా చెబుతాను. మీ దగ్గరికి ఆ పిల్లలు సైన్సు కోసం వచ్చారు. వాళ్ళ అమ్మానాన్నలు ఫీజు కట్టింది దానికోసం. గంట కొట్టాక తలుపు వేసిన గదిలో, మార్కులు వేసే చేతితో మతం చెబితే పిల్లవాడు కాదనగలడా? కాదనలేనివాడి చేత ఒప్పించింది విశ్వాసం కాదని మన ప్రభువు మనకన్నా బాగా ఎరుగు. ఆస్తి అమ్మి పేదలకిచ్చి నా వెంట రమ్మన్నప్పుడు ధనవంతుడైన యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటే ఆయన వెంటపడలేదు. రాజ్యాంగం కూడా ఇదే చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదు. గుర్తింపు ఉన్న, లేదా ఎయిడ్ తీసుకునే బడుల్లోనైనా పిల్లవాడి సంరక్షకుల ఒప్పుదల లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదు. 28వ అధికరణం అది. రేపు మీరు క్రైస్తవ బడిలో చేరినా ఇది వర్తిస్తుంది.

మీ నమ్మకాన్ని దాచుకోమనడం లేదు. ఎవరైనా పిల్ల 'టీచర్, మీరు బొట్టెందుకు పెట్టుకోరు?' అని అడిగితే ఉన్నదున్నట్టు రెండు మాటల్లో చెప్పండి. అంతే, మళ్ళీ కిరణజన్య సంయోగక్రియలోకి రండి. ఆ హిందూ, ముస్లిం పిల్లల ఇళ్ళలో చెప్పుకునే కథలు మీరు తెలుసుకోవడం కూడా పాపం కాదు. మీ జిల్లాలోనే, వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువా గారు గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో కాబోయే టీచర్లకు పాఠాలు చెప్పారు. 'గబ్బిలం' కావ్యంలో గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపిన ఆ చేత్తోనే క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నారు.

నమూనాల్లో 'క్రైస్తవ విద్య' అంటే అదేదో ఒకే ముద్ద అన్నట్టు రాస్తారు. మన కోస్తాలోనే రెండు బడుల సంగతి చూడండి. ఇంగ్లీషు మిషనరీ రాబర్ట్ నోబుల్ గారు 1843లో మచిలీపట్నంలో బడి పెట్టారు. గొప్ప బడే. కానీ మొదట్లో అది పై కులాల పిల్లల కోసమే. మాల మాదిగల బిడ్డలకు అందులో చోటు లేదు. అంత జాగ్రత్తపడ్డా 1852లో ఇద్దరు కుర్రవాళ్ళు బాప్తిస్మం తీసుకునేసరికి బడి దాదాపు ఖాళీ అయింది. తల్లిదండ్రుల నమ్మకం ఒక్కరోజులో ఎలా పోతుందో పాస్టరుగారికి ఈ కథ చెప్పండి. ఇక ఒంగోలులో 1866లో అడుగుపెట్టిన అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారిది ఇంకో దారి. అక్కడా మొదట ఊరి పెద్దకులాల వాళ్ళు తమ పిల్లల్ని బడికి పంపారు. మాదిగ విశ్వాసులు రావడం మొదలయ్యేసరికి, వాళ్ళుంటే మేముండం అన్నారు. ఆయనా, ఆయన భార్యా చెరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే వాక్యం కనబడిందట. లోకరీతిని జ్ఞానులూ గొప్ప వంశంవాళ్ళూ అనేకులు పిలువబడలేదన్న మాట అది. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయినా సరేనని మాదిగలవైపే నిలబడ్డారు. ఇద్దరూ క్రైస్తవులే, ఇద్దరి చేతిలోదీ ఆ బైబిలే. తేడా అంతా క్లాసులో ఎవరు కూర్చున్నారన్న దగ్గరే ఉంది.

కాబట్టి మీరు చేరబోయే హాస్టల్ స్కూలు ఫీజు ఎంతో కనుక్కోండి. వంటమనిషి కూతురు అదే క్లాసులో కూర్చుంటుందా లేదా అదీ కనుక్కోండి. వాళ్ళు మీ తత్వం అడిగారు కదా, వాళ్ళది తెలుసుకునే హక్కు మీకూ ఉంది.

పరిణామం పాఠంలో గొంతు తగ్గడం గురించి రాశారు. నేను తెలుగు మాస్టర్ని, సైన్సులో మీకు చెప్పేటంతవాణ్ణి కాదు. కానీ అనువంశికత పాఠంలో బఠాణీ మొక్కల మెండెల్ గురించి చెప్పేటప్పుడు ఆయన అగస్టీనియన్ మఠంలో సన్యాసి అని పిల్లలకు చెబుతారా? అంతకన్నా ముఖ్యం, ఆయన కూడా మనలాగా పంతులే. 1850లో టీచరు సర్టిఫికెట్ పరీక్ష తప్పారు. 1856లో మళ్ళీ రాసినా రాలేదు. పర్మనెంటు కాని టీచరుగానే ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతూ, మఠం తోటలో ఎనిమిదేళ్ళు బఠాణీలు లెక్కపెట్టారు. ఆ లెక్క బైబిల్‌కు సరిపోతుందా లేదా అని మధ్యలో ఆగి దిద్దలేదు. ఉన్నదున్నట్టు రాశారు. డార్విన్‌ను పాతిపెట్టింది కూడా లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే చర్చిలోనే. మీకు సందేహాలుంటే ఉండనివ్వండి, రాత్రి ప్రార్థనలో అడగండి. పీరియడ్‌లో మాత్రం పాఠాన్ని పూర్తి గొంతుతో చెప్పండి. సగం గొంతుతో చెబితే పిల్లలు పసిగడతారు. టీచరు ఏదో దాస్తోందని వాళ్ళకు తెలిశాక మీరు నిజాయితీ గురించి ఏం చెప్పినా వినరు.

ఇప్పుడు మీ లేఖలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటుకి వస్తాను. 'మరో సంగతి' అంటూ ఫిర్యాదులాగా చివర్లో పడేశారు. చెయ్యెత్తని ఏడుగురి పేర్లు, డైరీ వెనక. అమ్మా, మీరు ఇంటర్నెట్‌లో వెతుకుతున్నది ఆ డైరీలో ఉంది. తొంభై తొమ్మిదింటిని విడిచి, తప్పిపోయిన ఒక్క గొర్రెను వెతికిన కాపరి గురించి యేసు చెప్పిన ఉపమానం మీద ప్రసంగాలు విన్నాను గానీ, వెతకాల్సినవాళ్ళ పేర్లు రాసుకున్నవాళ్ళను తక్కువ చూశాను.

అలాగని ప్రిన్సిపాల్‌ను దుర్మార్గుణ్ణి చేయకండి. ఆ ఉపమానంలో గొర్రెలకు పబ్లిక్ పరీక్షలు లేవు. మిగతా నలభై అయిదుమందీ మీ బాధ్యతే. నేనైతే ఇలా చేసేవాణ్ణి. ఆ ఏడుగురిని అడిగే ప్రశ్న కొత్తది కాకుండా నిన్నటి పాఠంలోది అడిగేవాణ్ణి. అప్పుడు అది అందరికీ పునశ్చరణ అవుతుంది, టైమూ మూడు నిమిషాలు దాటదు. రేపు నిన్ను ఫలానా ప్రశ్న అడుగుతానని ఆ పిల్లకు ముందురోజే చెవిలో వేసేవాణ్ణి. ఇది మోసం కాదు. చెయ్యెత్తనివాళ్ళలో చాలామందికి జవాబు తెలియక కాదు, తప్పైతే నవ్వుతారేమోనని టెన్షన్. నాలుగుసార్లు సరైన జవాబు తన గొంతులో తనే విన్నాక అయిదోసారి చెయ్యి దానంతట అదే లేస్తుంది. ప్రిన్సిపాల్‌కి మాటలు చెప్పకండి, ఆ ఏడుగురి స్లిప్ టెస్ట్ మార్కులు ముందువీ ఇప్పటివీ పక్కపక్కన రాసి చూపించండి. మార్కులు పెరగకపోతే అదీ దాచకండి, పద్ధతి మార్చండి.

కాగితం సంగతి ఇక సులువే. నమూనా పక్కన పెట్టండి. ఏడుగురి పేర్లు ఎందుకు రాసుకున్నారో, వాళ్ళలో ఒకరి విషయంలో (పేరు రాయకుండా) ఏం జరిగిందో మొదట రాయండి. స్కేలు సంగతి కూడా రాయండి. భయపడకండి. తప్పు ఒప్పుకున్న టీచరును వద్దనే బడి అయితే, ఆ బడి పోయినా మీకు నష్టం లేదు. కాకపోతే ఆ పేరా పూర్తి చేయాలంటే అతను రికార్డు ఎందుకు తేలేదో మీకు తెలిసి ఉండాలి. కాబట్టి రేపు ఇంటర్వెల్‌లో అతన్ని పక్కకు పిలవండి, స్టాఫ్ రూముకి మాత్రం కాదు, అక్కడ అందరూ ఉంటారు. 'ఆ రోజు నేను అడక్కుండా కొట్టాను, అది తప్పు' అని చెప్పి, తర్వాత అడగండి. అతను ఏమీ చెప్పకపోవచ్చు. పద్నాలుగు పదిహేనేళ్ళ మగపిల్లలు ఓ పట్టాన చెప్పరు. రికార్డు కొనడానికి డబ్బుల్లేకపోయి ఉండవచ్చు, ఉత్త బద్ధకమే అయి ఉండవచ్చు. బద్ధకమైతే రికార్డు పూర్తయ్యేదాకా సాయంత్రం స్టడీ అవర్‌లో మీ పక్కన కూర్చోబెట్టి బొమ్మలు వేయించండి. శిక్ష వద్దని నేను అనలేదు కదా.

బైబిలు వాక్యాలు ఎన్ని పెట్టాలన్న సందేహం మీకు రావచ్చు. ఒకటి చాలు, అదీ మీరు నిజంగా ఆనుకున్నదైతేనే. వేతనం గురించో, 'సేవాభావం' గురించో రాయకండి. సేవ అన్నారు కదా అని జీతం తగ్గించే యాజమాన్యాలు నాకు తెలుసు.

రాసింది పంపేముందు ఒకరికి చదివి వినిపించండి. పాస్టరుగారికో నాన్నగారికో కాదు. మీ స్టాఫ్ రూములో మీ పక్క కుర్చీలో కూర్చునే హిందూ టీచరమ్మకో, ముస్లిం టీచరమ్మకో. ఆమెకు అర్థంకాని వాక్యం వచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఆ వాక్యాలు కొట్టేసి, మిగిలింది స్పీడ్ పోస్టులో వేయండి. ఇరవయ్యో తేదీ అన్నారు, పద్దెనిమిదికల్లా పోస్టు చేసేయండి.